మోకాలి కింద దిండు ఎవరు పెట్టారు?

(మోకాలి ఆపరేషన్‌కి సిద్ధమవుతున్నవాళ్లకి, వాళ్ల ఇంట్లోవాళ్లకి ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? చెయ్యెత్తండి. సరే. మధ్యలో లేచి నాలుగడుగులు వేయాలనిపిస్తే వేయండి, నేనేమీ అనుకోను. మోకాళ్ల గురించి మాట్లాడతామని పిలిచి గంటసేపు కదలనివ్వకుండా కూర్చోబెట్టడం అన్యాయం.

నేను ఇళ్లకి వెళ్లే ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్ అయి, డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక మొదలవుతుంది నా పని. గదిలోకి అడుగుపెట్టగానే నేను ముందు చూసేది కుట్లని కాదు. మోకాలి కింద దిండు ఉందా లేదా అని చూస్తాను. చాలాసార్లు ఉంటుంది. మెత్తటి దిండు, ఒక్కోసారి రెండు. ఎవరు పెట్టారని అడిగితే, ఆ ఇంట్లో పేషెంటంటే అందరికన్నా ప్రేమ ఉన్న మనిషి ముందుకొస్తారు. "నేనేనండీ. నొప్పి నొప్పి అంటుంటే చూడలేక పెట్టాను. కాస్త హాయిగా ఉందన్నారు" అంటారు.

హాయిగా ఉన్నమాట నిజం. ఆపరేషన్ అయిన మోకాలు లోపల నీరు చేరి బిగుతుగా ఉంటుంది. కీలు చుట్టూ ఒక సంచి లాంటి పొర ఉంటుంది కదా, కాలు సుమారు 30 డిగ్రీలు వంగినప్పుడు ఆ సంచిలో చోటు ఎక్కువ, ఒత్తిడి తక్కువ. అందుకే వాచిన మోకాలు తనంతట తానే ఆ కోణం వెతుక్కుంటుంది. మనం దిండు పెట్టి సరిగ్గా ఆ కోణమే ఇస్తాం. ఇక కాలు అక్కడి నుంచి కదలనంటుంది. రాత్రీ పగలూ అలాగే రెండు మూడు వారాలు గడిస్తే మోకాలి వెనక పొర కుంచించుకుపోతుంది, లోపల మానుతున్న కండ గట్టిపడుతుంది, తొడ వెనక కండరాలు పొట్టిబడతాయి. అప్పుడు దిండు తీసేసినా కాలు తిన్నగా చాచుకోదు.

ఈ సంగతి ఎవరికీ పట్టదు. ఎందుకంటే ఫోన్ చేసే చుట్టాలందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంత వంగుతోంది?" పరీక్షలో మార్కులు అడిగినట్టు అడుగుతారు. 90 వచ్చిందా, 100 దాటిందా, ఫలానావాళ్లకి రెండో వారానికే 110 వచ్చిందట. ఎంత చాచుకుంటోంది అని అడిగిన చుట్టాన్ని నేను ఇంతవరకూ చూడలేదు.

ఒక పని చేద్దాం. మోకాళ్లు బాగున్నవాళ్లు మాత్రమే లేచి నిలబడండి. ఆ... ఇప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచండి, కుర్చీలో కూర్చోబోయి ఆగినట్టు. ఎక్కువ వద్దు, కొంచెమే. అలాగే ఉండండి, నేను మాట్లాడుతూ ఉంటాను.

మామూలుగా నిలబడ్డప్పుడు తొడ ఎముక కింది ఎముక మీద తిన్నగా నిలుస్తుంది. స్తంభం మీద స్తంభం పెట్టినట్టు. కండరానికి దాదాపు పని ఉండదు. అందుకే ఎంతసేపైనా నిలబడగలం. మోకాలు పూర్తిగా చాచుకోకపోతే ఆ బరువంతా ఎముకల మీద నుంచి తొడ కండరం మీదకి వస్తుంది, నిలబడ్డ ప్రతి నిమిషమూ. నడిచేటప్పుడు మడమ నేలకి తాకే క్షణంలో కాలు ఇంచుమించు తిన్నగా ఉండాలి. అది కుదరనివాళ్లు కుంటుతారు. ఆ కాలు పొట్టి అయినట్టు అనిపిస్తుంది, కొన్ని నెలలకి నడుం నొప్పి మొదలవుతుంది. ఎలా ఉంది తొడల్లో? మంట పుడుతోందా? కూర్చోండి, కూర్చోండి. (సభలో నవ్వులు) ఒక్క నిమిషమైందంతే. పది డిగ్రీలు తక్కువ చాచుకునే మనిషి రోజంతా మోసేది దీన్నే.

వంగడం ముఖ్యం కాదని నేననడం లేదు. చదునైన నేల మీద నడవడానికి 65, 70 డిగ్రీలు వంగితే చాలు. మెట్లకి 90 దాకా కావాలి. కాస్త ఎత్తు తక్కువ కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవాలంటే 105 దగ్గర. అంటే 110 వచ్చిన మనిషికి ఇంటి పనుల్లో చాలావరకు సాగిపోతాయి. వంగడం నెలల తరబడి కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంటుంది కూడా. చాచడం మాత్రం మొదటి వారాల్లో రాబట్టుకోకపోతే తర్వాత రాబట్టడం చాలా కష్టం.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. పని మొదలుపెట్టిన కొత్తలో ఒకావిడకి ఎక్సర్‌సైజులు చేయించేదాన్ని. వంగడం అద్భుతంగా వచ్చేది. నెల తిరిగేసరికి 115. ఇంట్లో అందరూ చప్పట్లు, నేనూ వాళ్లతో పాటే. ఓ రోజు ఆవిడ గుమ్మం దాకా నడిచొచ్చి నన్ను పంపుతుంటే వెనక్కి తిరిగి చూశాను. కుంటుతున్నారు. మంచం మీద పడుకోబెట్టి కొలిస్తే చాచడంలో 12 డిగ్రీలు తక్కువ. నెల రోజులుగా నా కళ్ల ముందే ఉంది, నేను కొలవలేదు. ఆ 12లో 8 వెనక్కి తేవడానికి మా ఇద్దరికీ ఐదు నెలలు పట్టింది. మిగతా 4 రానే లేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మరి దిండు ఎక్కడ పెట్టాలి? మడమ కింద. టవల్‌ని గట్టిగా చుట్టి మడమ కింద పెట్టండి, మోకాలి కింద ఏమీ ఉండకూడదు, ఖాళీగా వేలాడాలి. కాలు బరువుకి అదే కిందికి దిగుతుంది. మొదట్లో ఐదు నిమిషాలు కూడా ఓర్చుకోలేరు. పర్వాలేదు, రెండు నిమిషాలతో మొదలుపెట్టి రోజుకి నాలుగైదుసార్లు చేయండి. వాపు తగ్గడానికి కాలు ఎత్తులో పెట్టాల్సినప్పుడు దిండ్లు పిక్క నుంచి మడమ దాకా పొడుగ్గా పెట్టండి. కాలంతా గుండె కన్నా ఎత్తులో ఉండాలి, మోకాలు మాత్రం మడత పడకూడదు.

ఇదంతా ముఖ్యంగా మోకాలి మార్పిడి అయినవాళ్ల గురించి చెబుతున్నాను. మార్పిడి అనే మాట విని చాలామంది పాత మోకాలంతా తీసి కొత్తది బిగిస్తారనుకుంటారు. అలా కాదు. ఎముకల చివర్లు సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్లు కోసి లోహపు తొడుగు వేస్తారు, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక పెడతారు. పన్నుకి క్యాప్ వేసినట్టు. 1890లో బెర్లిన్‌లో గ్లూక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో మోకాలి కీలు చేసి అమర్చాడు. అది నిలవలేదు. మనం ఇప్పుడు చూస్తున్న రకం 1970లలో రూపు కట్టింది. ఈ తొడుగులు గట్టిగానే ఉంటాయి. ఆపరేషన్ అయిన రోజే, లేదంటే మర్నాడే లేపి నిలబెడుతున్నారంటే అందుకే. "బరువు వేస్తే విరిగిపోతుందేమో" అని భయపడకండి. లోహం మన బరువు మోస్తుంది. ఇంటికొచ్చాక దారికి తేవాల్సింది దాని చుట్టూ ఉన్న కండనీ, కండరాన్నీ.

లిగమెంట్‌కీ, మెనిస్కస్‌కీ ఆపరేషన్ అయినవాళ్ల లెక్క వేరు. లిగమెంట్ అంటే ఎముకని ఎముకతో కట్టి ఉంచే పట్టీ, మెనిస్కస్ అంటే మోకాట్లో రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే పలక. మెనిస్కస్‌లో చిరిగిన ముక్క కత్తిరించి తీసేస్తే తొందరగా నడవనిస్తారు. కుట్టు వేస్తే మాత్రం కొన్ని వారాలు బరువు మీదా, వంచడం మీదా హద్దు పెడతారు. రెండూ చిన్న రంధ్రాల్లోంచి చేసే కీహోల్ ఆపరేషన్లే, బయట మచ్చలూ ఒకలాగే ఉంటాయి, అందుకని పక్కింటాయన చేసిన ఎక్సర్‌సైజు మీరు చేయకండి. లిగమెంట్ ఆపరేషన్ అయిన కుర్రాళ్లకి ఒక్క మాట. రెండో నెలకి నొప్పి పోతుంది, వాపు పోతుంది, పరిగెత్తాలనిపిస్తుంది. లోపల పెట్టిన కొత్త లిగమెంట్ అప్పుడే బాగా బలహీనంగా ఉంటుంది. శరీరం దాన్ని కూలగొట్టి మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. ఆటలకి కనీసం తొమ్మిది నెలలు ఆగాలి. ఈ మాట వింటే వాళ్లు నా వైపు ఎలా చూస్తారో నాకు తెలుసు.

ఇక తొడ ముందు కండరం. ఆపరేషన్ అయిన మర్నాడు కాలు పైకెత్తమంటే లేవదు. "నా కాలు నా మాట వినడం లేదండీ" అంటారు. నిజంగానే వినదు. కీలులో వాపు ఉంటే వెన్నుపాము ఆ కండరానికి వెళ్లే ఆజ్ఞని ఆపేస్తుంది, దెబ్బ తిన్న కీలుని కాపాడదామని. మోకాట్లో 20, 30 మిల్లీలీటర్ల నీరు చేరినా చాలు, అంటే నాలుగు నుంచి ఆరు టీ చెంచాలు, కండరం మూగబోతుంది. మొదటి నెల చివరికి తొడ బలం ఆపరేషన్‌కి ముందున్న దాంట్లో సగం కూడా ఉండదు. కాబట్టి కాలు లేవకపోతే మీకు మనోధైర్యం లేదని కాదు. ఇంట్లోవాళ్లు "కాస్త ప్రయత్నం చేయాలి కదా" అనకండి దయచేసి. ప్రయత్నం చేస్తూనే ఉంటారు, తీగ తెగిన స్విచ్చు నొక్కుతున్నట్టు ఉంటుంది వాళ్లకి.

ఆ తీగ మళ్లీ అతికించే ఎక్సర్‌సైజు చూడ్డానికి ఏమీ ఉండదు. కాలు చాచి పడుకుని మోకాలి వెనక భాగాన్ని పరుపుకేసి నొక్కాలి. ఐదు లెక్కపెట్టి వదలాలి. పదిసార్లు. గంటకోసారి చేసినా ఎక్కువ కాదు. విసుగు పుట్టించే పని, నాకూ తెలుసు. ఇక్కడే దిండు పెట్టిన ఆ ప్రేమగల మనిషికి నేనొక పని అప్పగిస్తాను. దిండు తీసేసి అక్కడ మీ అరచెయ్యి పెట్టండి. "నా చేతిని నొక్కు" అనండి. మొదటి రోజు చేతికి ఏమీ తెలియదు. మూడో రోజో నాలుగో రోజో సన్నగా ఒత్తిడి తెలుస్తుంది. అది పేషెంటు కన్నా ముందు మీకే తెలుస్తుంది. ఒకింట్లో ఓ పెద్దాయన తన భార్య మోకాలి కింద చెయ్యి పెట్టి కూర్చుని, ఆ ఒత్తిడి తగలగానే "వచ్చింది, వచ్చింది" అని అరిచారు. పక్కగదిలోంచి మనవలు పరిగెత్తుకొచ్చారు ఏమైందోనని.

నొప్పి మాత్రల గురించి. "నొప్పి మరీ ఎక్కువైతే వేసుకుంటాను" అని ఓర్చుకోవడం గొప్పనుకుంటారు చాలామంది. మొదటి రెండు వారాలు డాక్టర్ రాసిన టైముకి వేసుకోండి. ఎక్సర్‌సైజుకి ముప్పావుగంట ముందు పడేలా చూసుకోండి. నొప్పి పెరిగి పెరిగి భరించలేనంత అయ్యాక వేసుకున్న మాత్ర ఆలస్యంగా పనిచేస్తుంది, ఈలోపు ఆ రోజు ఎక్సర్‌సైజు పోతుంది. పారాసిటమాల్ రోజుకి 4 గ్రాములు దాటకూడదు. లివర్ సమస్య ఉన్నవాళ్లకీ, బరువు బాగా తక్కువున్నవాళ్లకీ ఇంకా తక్కువే. జలుబు మాత్రల్లో కూడా అదే మందు ఉంటుంది, చూసుకోండి. ఘాటు నొప్పి మాత్రలతో కళ్లు తిరుగుతాయి, మలబద్ధకం తప్పదు. మూడు రోజులు విరేచనం కాకపోతే మొహమాటపడకుండా చెప్పండి. మోకాలి కన్నా అదే ఎక్కువ ఏడిపించిన కేసులు చూశాను.

వాపు ఇంటికొచ్చాక పెరుగుతుంది. ఇది విని ఆశ్చర్యపోతారు. ఆస్పత్రిలో ఉన్నప్పటి కన్నా మొదటి వారం చివర్లో కాలు లావుగా కనిపిస్తుంది. తొడ దగ్గర కమిలిన నలుపు పిక్కకి, చీలమండకి జారుతుంది. కొత్త దెబ్బేమీ తగల్లేదు, రక్తం బరువుకి కిందికి దిగుతోంది, అంతే. ఐస్ పెట్టండి, మధ్యలో గుడ్డ వేసి, 15 నుంచి 20 నిమిషాలు. మోకాలు కొన్ని నెలల పాటు రెండో కాలి కన్నా వెచ్చగా ఉండొచ్చు. అది కూడా మామూలే.

మామూలు కానివి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఫోన్ చేయడానికి తెల్లారేదాకా ఆగకండి. పిక్కలో నొప్పి, రాత్రంతా కాలు ఎత్తులో ఉంచినా తగ్గని వాపు. ఇది రక్తం గడ్డకట్టడం కావచ్చు. అదే గడ్డ ఊపిరితిత్తులకి చేరితే ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తాయి. అప్పుడు ఫోన్ కూడా కాదు, నేరుగా ఎమర్జెన్సీకి. అందుకే రక్తం పలచబడే మందు రాసినన్ని రోజులూ వాడాలి. కొందరికి రెండు వారాలు, కొందరికి ఐదు వారాలు. బాగానే ఉన్నాను కదా అని మానేయకండి. పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. రెండోది ఇన్ఫెక్షన్. గాయం నుంచి కారడం, ఎరుపు పాకడం, చలిజ్వరం, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరగడం. ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ ఉంది కదా అని మింగేయకండి. మింగితే లోపల క్రిమి దాక్కుంటుంది, పరీక్షలో దొరకదు. ముందు సర్జన్‌కి చూపించండి.

ఇల్లు సర్దడం గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెబుతారు. కింద పరిచినవి తీసేయండి, వైర్లు గోడవారకి జరపండి, మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రి దీపం ఉండాలి, స్నానానికి స్టూలు కాదు కుర్చీ కావాలి. వాకర్‌కి ఒక సంచి తగిలించండి. లేకపోతే ఒక చేత్తో గ్లాసు పట్టుకుని ఒక చేత్తో వాకర్ పట్టుకుని నడుస్తారు, పడతారు.

మూడో వారం గురించి చెప్పాలి. మొదటి వారం అందరూ వస్తారు, పలకరిస్తారు. కుట్లు తీసే హడావిడి 10, 14 రోజుల మధ్య అయిపోతుంది. ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడతారు. పేషెంటు మాత్రం రాత్రి రెండింటికి మేలుకుని సీలింగ్ చూస్తూ ఉంటారు. ఎటు తిరిగినా సలపరం. "ఈ ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నాను" అని ఏడుస్తారు. గంభీరంగా ఉండే మగవాళ్లు కూడా. నిద్ర గాడిలో పడటానికి ఆరు, ఎనిమిది వారాలు పట్టడం మామూలే అని ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. రాత్రి మేలుకుంటే పడుకుని పోరాడకండి. లేచి, దీపం వేసి, వాకర్ పట్టుకుని గది చుట్టూ రెండుసార్లు తిరిగి రండి. ఆ అరగంటలో ఎవరో ఒకరు తోడుంటే మంచిది. దిగులు వారాల తరబడి వదలకపోతే అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిన విషయమే.

ప్రశ్నలు చీటీల మీద ఇచ్చారు, చూస్తాను. "మోకాలిని వంచే మెషిన్ అద్దెకి తెచ్చుకోవాలా?" అవసరం లేదనే చెబుతాను. కెనడాలో సాల్టర్ అనే సర్జన్ 1970లలో తెచ్చిన ఆలోచన అది, దెబ్బతిన్న కీళ్లు మానడానికి. మోకాలి మార్పిడి తర్వాత దానివల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ రావడం లేదని తర్వాతి అధ్యయనాల్లో తేలింది. మెషిన్ కాలిని వంచుతుంది, మీ కండరం నిద్రపోతూనే ఉంటుంది.

"మచ్చ పక్కన తిమ్మిరి." కోత దగ్గర చర్మానికి వెళ్లే చిన్న నరం తెగుతుంది, బయటి వైపు మొద్దుగా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ఆ మేర తగ్గుతుంది, కొందరికి కొంచెం మిగిలిపోతుంది. "టక్ టక్ చప్పుడు." లోహం, ప్లాస్టిక్ తగులుకుంటున్నాయి. నొప్పి లేకపోతే పట్టించుకోకండి. "కారు ఎప్పుడు నడపొచ్చు?" కుడి కాలైతే నాలుగు నుంచి ఆరు వారాలు. సడన్‌గా బ్రేకు తొక్కగలగాలి, ఘాటు మాత్రలు మానేసి ఉండాలి, సర్జన్ సరేననాలి.

"మెట్లు." ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. బరువు ఎత్తేదీ, దించేదీ ఎప్పుడూ మంచి కాలే కావాలి, కిటుకు అంతే. కర్ర ఆపరేషన్ కాలుకి అవతలి చేతిలో ఉండాలి. కుడి మోకాలైతే ఎడమ చేతిలో. నూటికి తొంభైమంది అటే పట్టుకుంటారు అని చెప్పాలని ఉంది కానీ, ఈ హాల్లోకి వస్తున్నప్పుడు నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను లెండి. (నవ్వులు) ఆపరేషన్ కాలితో పాటే కర్ర కూడా ముందుకి వెళ్లాలి. చెయ్యి వదులుగా వేలాడేసి నిలబడితే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. చెప్పులు వేసుకునే కొలవాలి.

కర్రలు తెచ్చుకున్నవాళ్లు ఇటు పక్కకి రండి, ఒక్కొక్కరివీ ఎత్తు సరిచూస్తాను. అమ్మా, మీరు లేవకండి, నేనే వస్తాను. ఆ కుర్చీ కింద పెట్టిన కాలు ఒకసారి చాచండి, చూద్దాం.